కార్ల గోల లేని 44 కిలోమీటర్లు: శాన్ కాండిడో నుంచి లియెంట్స్‌కి సైకిల్ మీద, అమ్మతో

మాది తణుకు దగ్గర పల్లె. అమ్మ టెన్త్ దాకా కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ స్కూల్‌కి వెళ్ళేదట, పెళ్ళయ్యాక మళ్ళీ సైకిల్ ముట్టుకోలేదు. ఇప్పుడు తనకి 59. పోయిన సెప్టెంబర్‌లో అమ్మానాన్నా మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడ ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు సైకిళ్ళ మీద కూరగాయలకి వెళ్ళడం చూసి "ఒరేయ్ నేనూ తొక్కేదాన్నిరా ఇలాగే" అంది, ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. ఊళ్ళో రోడ్డు మీద తొక్కించే ధైర్యం నాకు లేదు, అందుకే కార్లు తిరగని దారి ఏదైనా ఉందా అని వెతికితే ఆఫీసులో అందరూ చెప్పింది ఈ ఒక్క దారే.

ఇటలీలో శాన్ కాండిడో (జర్మన్‌లో ఇన్నిఖెన్ అంటారు, బోర్డుల మీద రెండు పేర్లూ ఉంటాయి) నుంచి బయల్దేరి ఆస్ట్రియాలో లియెంట్స్ దాకా, ద్రావా నది పక్కనే సైకిళ్ళ కోసం వేసిన దారి. సుమారు 44 కిలోమీటర్లు. మొదలయ్యే ఊరు 1,175 మీటర్ల ఎత్తులో ఉంటే లియెంట్స్ 670 మీటర్ల దగ్గర ఉంది, అంటే మొత్తం మీద 500 మీటర్లు కిందకి జారుతూ వెళ్ళడమే, అక్కడక్కడా చిన్న చిన్న ఎత్తులు తప్ప. తిరుగు ప్రయాణం ట్రైన్‌లో. లోయ పొడుగూతా నది, రైలు కట్ట, సైకిల్ దారి ఒకదాని పక్కన ఒకటి పోతుంటాయి, పెద్ద హైవే మాత్రం చాలా చోట్ల నదికి అవతల ఉండిపోతుంది. పూర్తిగా కార్లు ఉండవు అని మాత్రం చెప్పను, ఊళ్ళ దగ్గర కొన్ని ముక్కలు పొలాల రోడ్డుతో కలుస్తాయి, ట్రాక్టర్ ఒకటీ అరా ఎదురవుతుంది, వాళ్ళు నెమ్మదిగానే వస్తారు.

మేం ముందు రోజే వచ్చి శాన్ కాండిడోలో ఉన్నాం. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలో ఫోర్తెత్సా స్టేషన్‌లో ట్రైన్ మారాలి, ఆ లోకల్ లైన్ మీద పనులు జరిగితే బస్సులు వేస్తారు కాబట్టి ముందే చూసుకుని బయల్దేరండి. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి, మధ్యలో బోర్డర్ దాటుతారు.

ఇంక సైకిల్ షాపు సంగతి. స్టేషన్ దగ్గర్లో అద్దె షాపులు ఉన్నాయి, కొన్నింట్లో అద్దె సైకిల్‌ని లియెంట్స్‌లోనే అప్పజెప్పేసి రావచ్చు, అది చాలా పెద్ద సుఖం, తప్పకుండా అదే అడగండి. మేం తీసుకున్న షాపు పేరు రాయను గానీ అక్కడ నాకు నచ్చనిది ఒకటి జరిగింది. అమ్మకి ఇచ్చింది ఇ-బైక్, అంటే తొక్కేటప్పుడు మోటరు సాయం చేసే సైకిల్, దాని వెనక బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, పట్టు లేదు. నేను చెప్తే ఆ కుర్రాడు ఒకసారి నొక్కి చూసి పర్లేదు అన్నాడు. కిందకి జారే దారిలో 25 కిలోల ఇ-బైక్‌కి వెనక బ్రేకు లేకుండా మా అమ్మని ఎలా పంపిస్తాను, ఇంకో బండి ఇవ్వమని అక్కడే నిలబడ్డాను. నలభై నిమిషాలు పోయాయి గానీ ఇచ్చారు. మీరు కూడా క్యూ ఎంత ఉన్నా సరే రెండు బ్రేకులూ నొక్కి, బండిని తోసి చూసి, టైర్ గాలి చూసి అప్పుడే సంతకం పెట్టండి. సీటు కూడా దింపించుకోవాలి, ఇక్కడి వాళ్ళ పొడుగుకి పెట్టి ఉంటుంది. అమ్మలకి, పిన్నులకి అయితే అడ్డ రాడ్డు లేని లేడీస్ మోడల్ అడగండి, చున్నీ ఉంటే నడుముకి గట్టిగా ముడేయించండి, మేం అదే చేశాం. ఇ-బైక్ మోటరు గంటకి 25 కిలోమీటర్ల దాకానే సాయం చేస్తుంది, కాబట్టి దూసుకుపోతుందేమో అని భయం అక్కర్లేదు. అద్దె మాత్రం మామూలు సైకిల్ కన్నా బాగా ఎక్కువ.

నాన్నకి మోకాళ్ళ నొప్పి, ఆయన బ్యాగులు తీసుకుని ట్రైన్‌లో లియెంట్స్ వెళ్ళారు.

స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో అమ్మ రెండు రౌండ్లు వేసింది. మొదటి రౌండు కాలు నేలకి రాస్తూ, రెండోది కాలు ఎత్తేసి. అంతే, నలభై ఏళ్ళ కిందటిది ఒంట్లోంచి ఎక్కడికీ పోలేదు. నేను పక్కనే పరిగెడుతున్నా, "నువ్వు వదిలెయ్ నాన్నా" అంది.

దారిలో మొదట కనిపించే నది చూసి ఇదేనా నది అనుకుంటారు. ద్రావా పుట్టేది పక్క ఊరు తోబ్లాఖ్ దగ్గరే, ఇక్కడికి వచ్చేసరికి మన పంటకాలవంత కూడా ఉండదు, గులకరాళ్ళ మీద చల్లగా పారుతుంటుంది. ఆ తోబ్లాఖ్ మైదానంలో ఒక వింత ఉంది, అటు పక్క నీళ్ళు రియెంట్స్ నదిలో పడి అడ్రియాటిక్ సముద్రానికి పోతాయి, ఇటు పక్క నీళ్ళు ద్రావాలో పడి డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతాయి. చూడ్డానికి మాత్రం మామూలు గడ్డి మైదానమే.

బోర్డర్ దాటినట్టు కూడా తెలీలేదు, బోర్డు ఒకటి, ఫోన్‌లో మెసేజ్ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919 ఒప్పందంలో గీత గీసేదాకా రెండు పక్కలా ఆస్ట్రియా వాళ్ళ టిరోల్ ప్రాంతమే, అందుకే ఇటలీ పక్కన కూడా ఇళ్ళూ భాషా అన్నీ ఆస్ట్రియాలాగే ఉంటాయి. ఆస్ట్రియాలోకి వచ్చాక ఆకుపచ్చ బోర్డుల మీద ఆర్1 అని ఉంటుంది, దాన్ని పట్టుకుని వెళ్ళిపోవడమే, తప్పిపోవడం కష్టం. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఆస్ట్రియాలో హెల్మెట్ తప్పనిసరి, మేం పెద్దవాళ్ళం కూడా పెట్టుకున్నాం.

మాకు ప్రమాదం అనిపించింది ఒకే ఒక్క చోట, అదీ కార్ల వల్ల కాదు. ఇక్కడ కుడి పక్కన వెళ్ళాలి. సిల్లియాన్ అనే ఊరు దాటాక ఒక మలుపులో ఎదురుగా ఒక జంట వస్తుంటే అమ్మ తనకి తెలీకుండానే మన అలవాటుకి ఎడమ పక్కకి తిప్పేసింది, వాళ్ళూ అటే. నేను వెనక నుంచి "అమ్మా కుడి, కుడి" అని అరిచాను, ఇద్దరూ బ్రేకు వేశారు, ఒక జానెడు దూరంలో ఆగారు. ఆ పెద్దాయన నవ్వి చెయ్యి ఊపి వెళ్ళిపోయారు, అమ్మ మాత్రం ఐదు నిమిషాలు చేతులు వణికి కూర్చుంది. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ముందు బెల్లు కొట్టి, "కుడి" అని తనే చెప్పుకుంటూ తిప్పింది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళతో వెళ్తే ఇది మొదటి కిలోమీటర్‌లోనే అలవాటు చేయించండి, నేను చేయించలేదు, అది నా తప్పే.

హైన్‌ఫెల్స్ దగ్గర లోకర్ వేఫర్ల ఫ్యాక్టరీ ఉంది, మన సూపర్ మార్కెట్లలో దొరికే ఆ హేజల్‌నట్ వేఫర్లే, షాపు, కాఫీ అన్నీ ఉన్నాయి. అందరూ అక్కడ ఆగుతారు, మేమూ ఆగాం, రద్దీ ఎక్కువ, పిల్లలుంటే సరే లేకపోతే అంత అక్కర్లేదు. దానికంటే భోజనం బాగా గుర్తుండిపోయింది. ష్లిప్‌ఫ్‌క్రాప్‌ఫెన్ అని ఈ తూర్పు టిరోల్ వాళ్ళ వంటకం, బంగాళదుంప లోపల పెట్టి అచ్చం కజ్జికాయలా అర్ధచంద్రంగా మడిచి, వేయించకుండా నీళ్ళలో ఉడికించి, పైన కాచిన వెన్న పోసి ఇస్తారు. అమ్మ అంచు మడిచిన తీరు చూసి "చేత్తో చేసిందే ఇది" అని గుర్తుపట్టింది. మాంసం లేకుండా కడుపు నిండే భోజనం, వెజ్ వాళ్ళు ఇది అడగండి, లోపల ఏం పెట్టారో ఒకసారి కనుక్కుని మరీ.

వీలైతే పొద్దున్నే బయల్దేరండి, ఎందుకంటే మధ్యాహ్నం గాలి. ఎండెక్కాక కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాని వెనకే కింద నుంచి లోయలోకి గాలి లాక్కొస్తుంది, మనం కిందకి వెళ్తాం కాబట్టి అది నేరుగా మొహానికే కొడుతుంది. అబ్‌ఫాల్టర్స్‌బాఖ్ దాటాక మాకు ఇదే, వాలులో కూడా తొక్కాల్సి వచ్చింది, అమ్మకి మోటరు ఉంది కాబట్టి సరిపోయింది, మామూలు సైకిల్ మీద నాకు మాత్రం తొడలు పట్టేశాయి. ఆ భాగంలోనే లోయ ఇరుకై, చెట్ల నీడలో చెక్క వంతెనల మీదుగా దారి నదికి ఇటూ అటూ మారుతుంది, మొత్తం దారిలో అందమైన చోటు అదే. చిన్న నిటారు దిగుడులు కూడా ఉన్నాయి, అక్కడ బ్రేకు ఒకేసారి బిగపట్టకుండా రెండూ కొంచెం కొంచెంగా వదుల్తూ పట్టాలి. ఒక వంతెన మీద అమ్మ ఆగి, బండి స్టాండు వేసి, రెయిలింగ్ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. నేనేం మాట్లాడలేదు. ఇక్కడ చప్పుడంటే నీళ్ళదే, హారన్ లేదు, ఇంజన్ లేదు. కాసేపటికి "గట్టు మీద కూడా ఇంతేరా, నీళ్ళ చప్పుడే ఉండేది" అంది.

మామూలుగా మూడు నాలుగు గంటల దారి, మాకు మధ్యలో ఆగిన టైమ్‌తో కలిపి ఆరున్నర పట్టింది. లియెంట్స్‌లో ఈజెల్ నది వచ్చి ద్రావాలో కలుస్తుంది, చిత్రం ఏంటంటే వచ్చి కలిసే ఈజెల్‌లోనే నీళ్ళు ఎక్కువ. ఊరికి కొంచెం ముందు గాలిట్సెన్‌క్లామ్ అని నీళ్ళు పారే ఇరుకు లోయ ఉంది, మాకు టైమ్ చాల్లేదు.

సాయంత్రం ట్రైన్లు కిటకిటలాడతాయి, అందరూ ఒకే టైమ్‌కి తిరిగొస్తారు, సొంత సైకిల్ ఉంటే ఎక్కించడానికి ఆగాల్సి రావచ్చు. అందుకే అక్కడే అప్పజెప్పే అద్దె బండి మేలు అంటున్నా. దారికి నేను ఐదుకి ఐదు ఇస్తాను, ఆ షాపుకి రెండు.

నాన్న స్టేషన్ బయట బెంచీ మీద ఎదురుచూస్తున్నారు. అమ్మ సైకిల్ దిగకుండానే ఆయన ముందు దాకా తొక్కుకుంటూ వెళ్ళి, కుడి పక్కనే, బెల్లు కొట్టి ఆపింది.