ప్రోటాన్ చికిత్సలో మూలకాల కొలతకు సీరియం బ్రోమైడ్ డిటెక్టర్

ప్రోటాన్లు తగిలిన వెంటనే కేంద్రకాలు వెలువరించే గామా కిరణాల (ప్రాంప్ట్ గామా) వర్ణపటంతో కణజాలంలో ఆక్సిజన్, కార్బన్ పాళ్లు తేల్చడానికి సీరియం బ్రోమైడ్ స్ఫటికం మంచి ఎంపిక. 662 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్) శక్తి దగ్గర దాని రిజల్యూషన్, అంటే శిఖరం వెడల్పు, సుమారు 4 శాతం; ఇది ఎంత తక్కువైతే అంత మేలు. లాంథనం బ్రోమైడ్‌ది 3 శాతమే, కానీ దానిలో సొంత రేడియోధార్మికత ఉంది. పైగా కార్బన్ 4.44 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్ట్) గీత, కేంద్రకాలు కదులుతుండడం వల్ల కలిగే డాప్లర్ ప్రభావంతో ఎలాగూ వెడల్పవుతుంది, కాబట్టి ఆ తేడా అంతగా అక్కరకు రాదు.

అసలు చిక్కంతా ఆక్సిజన్ 6.13 ఎంఈవీ గీతతోనే. స్ఫటికం నుంచి ఒకటి లేదా రెండు 511 కేఈవీ గామా కిరణాలు తప్పించుకుపోతే ఏర్పడే దాని ఎస్కేప్ శిఖరాలు 5.62, 5.11 దగ్గర పడి, ఆక్సిజన్‌దే అయిన 5.2 గీతతో కలగలిసిపోతాయి. చుట్టూ బీజీఓ (బిస్మత్ జర్మనేట్ అనే మరో డిటెక్టర్ స్ఫటికం) కవచం పెట్టి, రెండింటిలో ఒకేసారి వచ్చిన సంకేతాలను తీసేస్తే వర్ణపటం ఎంత తేటపడుతుందో! కవచం లేకుండా మాత్రం కొనకండి.

4.44 గీత ఆక్సిజన్ నుంచీ పుడుతుంది. కార్బన్ లేని నీళ్లలో, కార్బన్ మాత్రమే ఉన్న గ్రాఫైట్‌లో ముందే కొలిచి రెండింటి వాటాలను విడదీయాలి. బీమ్ తీవ్రత పెరిగితే స్ఫటికపు వెలుగును విద్యుత్ సంకేతంగా పెంచే ఫొటోమల్టిప్లయర్ గెయిన్ (పెంచే పాళ్లు) జారుతుంది, 511 కేఈవీ శిఖరంతో సరిచూసుకోవాలి. స్ఫటికం తేమ పీలుస్తుంది, తొడుగు విప్పొద్దు.