పల్లె రోడ్ల భద్రత పనులు: మొరానికి ఫుల్ మార్కులు, రెయిలింగ్‌కు షరతులతో

నర్సంపేట, పరకాల, ములుగు పల్లెల్లో భద్రత పేరు మీద రోడ్డు పక్కన చేసే పనులు ముఖ్యంగా నాలుగు: మొరం బెర్ములు (తారు అంచు పక్కన మొరంతో నింపే పట్టీ), తెల్లగీతలు, మలుపు బోర్డులు, ఇనుప రెయిలింగ్. ఫొటోలో బాగా పడేది రెయిలింగ్. పెట్టిన పైసలకు ఎక్కువ మేలు చేసేది మొరం.

3.75 మీటర్ల ఒంటివరుస రోడ్డు మీద ఎదురుగా బస్సో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండో వస్తే ఒక పక్క చక్రాలు కిందికి దించక తప్పదు. బీటీ (తారు) మీద బీటీ వేస్తూ బెర్మును వదిలేస్తే అంచు మెట్టులా లేస్తుంది. అది రెండంగుళాలు దాటితే బైకుకు గండమే. దిగిన టైరు ఎక్కలేక అంచును రాసుకుంటుంది, నడిపేవాడు హ్యాండిల్ ఇంకాస్త తిప్పుతాడు, టైరు ఒక్కసారిగా ఎక్కి బండి ఎదురు బండి ముందుకు పోతుంది.

రెండు పక్కలా మీటరు వెడల్పు, 10 సెం.మీ. మందం లెక్కన కిలోమీటరుకు గట్టిపడ్డాక 200 ఘనపు మీటర్ల మొరం కావాలి. అంటే వదులు మొరం 250 దాకా తోలాలి. ముందు గడ్డి చెక్కాలి, నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. వాలు కనీసం 3 శాతం, రోడ్డు వాలు కంటే కాస్త ఎక్కువే ఉండాలి. లేకుంటే నీళ్లు అంచులోనే నిలిచి బీటీని తినేస్తాయి. పని చెడేది ఎక్కువగా మట్టి దగ్గరే: పక్క చేనులోని రేగడి ఎత్తిపోస్తే మొదటి వానకే బురద. మంచి మొరమైనా వానాకాలం అయ్యాక ఏటా కొంత నింపాల్సిందే. కేజ్ వీల్స్‌తో (పొలంలో దమ్ముకు వాడే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు రోడ్డెక్కే ఊళ్లలో అంచు ఇంకా తొందరగా పోతుంది.

గీతలు రోడ్డు పొడవునా అక్కర్లేదు. మలుపుల్లో, చెరువు కట్టల మీద చాలు. 10 సెం.మీ. గీత రెండు పక్కలా అంటే కిలోమీటరుకు 200 చదరపు మీటర్లు. థర్మోప్లాస్టిక్ (కరిగించి వేసే రంగు) మందం 2.5 మి.మీ., పైన రాత్రి లైటుకు మెరిసే గాజుపూసలు చదరపు మీటరుకు 250 గ్రాములు. దుమ్ము ఊడ్చకుండా వేస్తే పెచ్చులు లేస్తాయి. పూసలు సరిగ్గా పడ్డాయో లేదో పగలు చూస్తే తెలియదు, రాత్రి టార్చి వేసి చూడాలి.

మలుపు బోర్డులు చవక, ఫలితం ఎక్కువ. మలుపు బయటి అంచున, వచ్చే బండికి ఎదురుగా, ఒకేసారి కనీసం రెండు కనబడేలా పాతాలి. తుమ్మకొమ్మలు, ఫ్లెక్సీలు కమ్మేస్తే ఉన్నా లేనట్టే. హరితహారం మొక్కలదీ ఇదే లెక్క. బీటీకి మీటరు దూరంలో నాటిన మొక్క మాను కట్టాక గుద్దుకునే స్తంభం అవుతుంది, మలుపు లోపలి వైపైతే చూపుకూ అడ్డం.

ఇక రెయిలింగ్. గుద్దుకుంటే అదీ ప్రమాదమే, కాబట్టి దాని వెనక ఉన్నది ఇంకా పెద్ద గండమైతేనే పెట్టాలి. అలాంటిది వ్యవసాయ బావి. 2018 మార్చిలో నిజామాబాద్ జిల్లా మెండోరలో ఆటో, 2020 అక్టోబరులో సంగెం మండలం గవిచర్ల దగ్గర జీపు బావుల్లోనే పడ్డాయి. పాడుబడ్డ బావిని పూడ్చేస్తే రెయిలింగే అక్కర్లేదు, ముందు ఆ దారి చూడాలి. పెట్టక తప్పకపోతే బావి వెడల్పుకు సరిపడా ముక్క బిగించడం దండగ. అదుపు తప్పిన బండి చాలా ముందే రోడ్డు దిగి, రెయిలింగ్ వెనక నుంచి బావిలోకి పోతుంది.

రేకు 3 మి.మీ., పోస్టులు రెండు మీటర్లకొకటి, భూమిలో మీటరుకు పైగా. పోస్టు వెనక అరమీటరుకు పైగా గట్టి మట్టి లేకపోతే గుద్దగానే కట్ట అంచుతో సహా ఊడొస్తుంది. రేకుల అతుకు ఆ పక్క వచ్చే బండ్ల దిశలో ఉండాలి, అంటే రేకు అంచు వచ్చే బండికి ఎదురు తిరిగి ఉండకూడదు. చివరను చేపతోక ఆకారపు రేకుతో వదిలేస్తే కారులోకి దిగబడుతుంది, దాన్ని రోడ్డుకు దూరంగా వంచి మట్టిలో కలపాలి. పైన కొత్త బీటీ పడ్డప్పుడల్లా రెయిలింగ్ ఎత్తు తగ్గుతుంది, దాన్ని మళ్లీ కొలిచేవాళ్లు అరుదు.

ఖర్చు పోల్చేటప్పుడు మొదటి బిల్లు ఒక్కటే చూడొద్దు, మన్నికతో భాగించాలి. గీతకు రెండు మూడేళ్లు, రెయిలింగ్‌కు పదిహేను. అయినా ఒక కిలోమీటరు రెయిలింగ్ పైసలతో ఎన్నో కిలోమీటర్ల బెర్ము బాగవుతుంది. పల్లె రోడ్ల మీద ప్రమాదాలు ఒకేచోట పోగుపడవు. పోయినేడు బండి పడ్డ చోటే రెయిలింగ్ వేయడం కంటే మండలంలో అలాంటి మలుపులు, బావులు, కట్టలు అన్నీ రాసుకుని చవక పనులు అన్నిటికీ చేయించడం నయం.

వడ్ల సీజన్‌లో మాత్రం ఇవేవీ పూర్తిగా పనిచేయవు. బెర్ము బాగున్న చోటే కుప్పలు పోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయాక రాళ్లు మిగులుతాయి. వాటిని తీయించే బాధ్యత పంచాయతీ ముందే ఎవరికో ఒకరికి అప్పగించాలి.