డీఈఏపీ లైబ్రరీ: చేతికి మంచిదే, కాపలా మాత్రం మనదే

పైథాన్‌లో జెనెటిక్ అల్గారిథమ్‌కి (జవాబుల గుంపుని జీవపరిణామంలా కలుపుతూ, మారుస్తూ మెరుగైనదాన్ని వెతికే పద్ధతి) డీఈఏపీ (DEAP) ఉచిత లైబ్రరీ, కెనడాలోని లవాల్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. జవాబుని బిట్లుగా పెడతామా, దశాంశ సంఖ్యలుగానా, వరుసగానా, చెట్టుగానా అన్నది పూర్తిగా మనకే వదిలేస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. చిక్కూ అక్కడే. డెలివరీ రూట్‌ని ఊళ్ల వరుసగా రాసి, అలవాటు కొద్దీ టూ పాయింట్ క్రాసోవర్ (రెండు రూట్ల మధ్య ముక్కల్ని ఒకదానితో ఒకటి మార్చడం) తగిలిస్తే, అలా పుట్టిన పిల్ల రూట్‌లో ఒక ఊరు రెండుసార్లు వస్తుంది, ఇంకోటి మాయం, అయినా లైబ్రరీ నోరెత్తదు. ఏ ఊరూ రెండుసార్లు రాకుండా కలిపే ఆర్డర్డ్ క్రాసోవర్ వాడండి, ఊళ్లకి నంబర్లు మాత్రం 0 నుంచే ఇవ్వాలి (1 నుంచి ఇస్తే ఎర్రర్ రావచ్చు). మ్యుటేషన్‌కి (ఒకే రూట్‌లో చేసే చిన్న మార్పు) ఊళ్ల స్థానాలు తారుమారు చేసే షఫుల్ ఇండెక్సెస్ ఉంది కానీ, ఇలాంటి రూట్లలో ఏ ఊరి పక్కన ఏది అన్నదే ముఖ్యం కాబట్టి, మధ్యలో ఒక ముక్కని తిరగేసే ఇన్వర్షనే నయం. నంపై (పైథాన్‌లో సంఖ్యల లెక్కలకి వాడే లైబ్రరీ) అర్రేలతో అయితే ముక్కలు మార్చేటప్పుడు కాపీ తీయడం మరవద్దు. ఐదుకి నాలుగు.