"ప్రీమియం ఫ్రెంచ్ సెరిఫ్" అని అమ్ముతున్న ఫాంట్ ప్యాక్ కొనకండి, అది ఫ్రీగా దొరికే ఈబీ గారమాండే

డీటీపీ, బుక్ డిజైన్ చేసేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. ఒక ఆన్‌లైన్ షాపువాడు (పేరు రాయట్లేదు, రాస్తే రేపు ఇంకో పేరుతో తెరుస్తాడు) పది స్టైల్స్, లైఫ్‌టైమ్ కమర్షియల్ లైసెన్స్ అని చెప్పి ఒక సెరిఫ్ (అక్షరాల కొసల్లో చిన్న గీతలుండే) ఫాంట్ ఫ్యామిలీ అమ్ముతున్నాడు. శాంపిల్ బొమ్మ మాత్రం అదిరిపోయింది, తోక సాగిన క్యూ, స్మాల్ క్యాప్స్ (చిన్నక్షరాల ఎత్తులో గీసిన పెద్దక్షరాలు), పాతకాలం అంకెలు అన్నీ ఉన్నాయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న ఒక ఆత్మకథ పని చేతిలో ఉంది కదా అని నాలుగు వేల దాకా పెట్టి కొన్నాను.

పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాక అసలు సంగతి బయటపడింది. ఫాంట్‌లోని ప్రత్యేక సదుపాయాలు చూపించే ఓపెన్‌టైప్ మెనూలో ఫీచర్లన్నీ చదరపు బ్రాకెట్లలో కనిపించాయి, అంటే ఆ ఫాంట్‌లో అవి లేవని. స్మాల్ క్యాప్స్ నొక్కితే పెద్దక్షరాల్నే కుదించి పెడుతోంది, గీతలు సన్నబడిపోయి పక్క అక్షరాల ముందు వెలిసిపోయినట్టున్నాయి. 1947 అని కొడితే 9, 4, 7 లైను కిందకి దిగాలి కదా, దిగట్లేదు, నాలుగూ ఒకే ఎత్తులో గోడ కట్టినట్టు నిలబడ్డాయి. ఎఫ్ పక్కన ఐ వస్తే ఎఫ్ కొక్కెం వెళ్లి ఐ చుక్కని గుద్దుతోంది, లిగేచర్ (ఇలాంటి రెండక్షరాల్ని కలిపి గీసిన అక్షరం) కూడా పీకేశాడు మరి.

అనుమానం వచ్చి ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే కాపీరైట్ దగ్గర "ది ఈబీ గారమాండ్ ప్రాజెక్ట్ ఆథర్స్" అనే ఉంది! పేరు మార్చాడు గానీ అది తుడవడం మర్చిపోయాడు మహానుభావుడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఈబీ గారమాండ్ అనేది ఆస్ట్రియా డిజైనర్ గియోర్గ్ డఫ్నర్ మొదలుపెట్టిన ఫాంట్, 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎగెనోల్ఫ్-బెర్నర్ (ఈబీ అంటే ఇదే) అనే అచ్చక్షరాల సంస్థ అచ్చు వేసిన నమూనా షీట్ చూసి గీశాడు, నిలువక్షరాలు ఫ్రెంచ్ అక్షరశిల్పి క్లాడ్ గారమాండ్‌వి, ఇటాలిక్ రాబర్ట్ గ్రాంజోన్‌ది. తర్వాత ఒక్టావియో పార్డో అనే డిజైనర్ బోల్డ్ వెయిట్లు (గీతల మందాలు) కలిపాడు. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా ఐదు వెయిట్లు, ఐదిటికీ ఇటాలిక్, మొత్తం పది, వాడు చెప్పిన లెక్కే. గూగుల్ ఫాంట్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, స్మాల్ క్యాప్స్, లిగేచర్లు, పాతకాలం అంకెలతో సహా. అంటే డబ్బులు కడితే వచ్చేది ఫ్రీ దానికన్నా తక్కువ సరుకు!

ఇంకోటి, దాని లైసెన్స్ సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్. పుస్తకాల్లో, లోగోల్లో, డబ్బులొచ్చే పనిలో హాయిగా వాడుకోవచ్చు, కానీ ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు, మార్చి ఇచ్చినా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. కాబట్టి వాడిచ్చిన "లైఫ్‌టైమ్ లైసెన్స్" పీడీఎఫ్ చిత్తు కాగితమే, క్లయింట్‌కి చూపించకండి.

గారమాండ్ పేరుతో అమ్మేవన్నీ దొంగవని కాదు సుమా. అడోబీ గారమాండ్ 1989లో రాబర్ట్ స్లింబాక్ చేసింది, డబ్బులకి తగ్గ సరుకే. మోనోటైప్ వాళ్లది వేరే దారి, అది నిజానికి జాన్ జానోన్ అనే మరో ఫ్రెంచ్ అక్షరశిల్పి అక్షరాల మీద కట్టింది. ఏదైనా సరే, కొనేముందు శాంపిల్ బొమ్మ చూసి ఆగిపోకండి, మీ సొంత వాక్యం టైప్ చేసి చూసుకునే టెస్టర్ ఉందా అని అడగండి, లేదంటే వదిలేయండి.

రీఫండ్ అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్ సర్, నో రిటర్న్" అని ఒక మెసేజ్ పడేసి బ్లాక్ చేశాడు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఆ డీటెయిల్స్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కార్డుతో కట్టుంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, యూపీఐ అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి.