న్యూస్ పీసీఆర్‌లోనా, క్రికెట్ ఓబీ వ్యాన్‌లోనా?

విజన్ మిక్సర్‌గా, అంటే లైవ్‌లో ఏ కెమెరా దృశ్యం తెర మీదకు వెళ్లాలో బటన్లతో మార్చే పనిలో, కొత్తగా చేరేవాళ్లకు నేను న్యూస్ పీసీఆర్‌నే (స్టూడియో ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్) చెబుతాను. స్టూడియోలో మూడు నాలుగు కెమెరాలు, చేతిలో రన్‌డౌన్, అంటే ఏ ఐటమ్ తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా. తర్వాత ఏం రావాలో చాలావరకు ముందే తెలుస్తుంది. బ్రేకింగ్ వస్తే మాత్రం ఆ వరస మొత్తం మారిపోతుంది. ఫీల్డ్‌లోని రిపోర్టర్‌కు యాంకర్ ప్రశ్న కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. తొందరపడి ఫుల్ ఫ్రేమ్‌కు కట్ చేస్తే, ఆయన మౌనంగా నిలబడి కనిపిస్తాడు. ఇద్దరినీ పక్కపక్క విండోల్లో పెట్టడమే మేలు.

ఉప్పల్ స్టేడియంలో పెద్ద మ్యాచ్ అయితే లెక్కే వేరు. ఓబీ వ్యాన్‌లో (స్టేడియం దగ్గర నిలిపే కదిలే కంట్రోల్ రూమ్) ఎదురుగా తెరల మీద 20కి పైగా కెమెరాల దృశ్యాలు, రీప్లేలు. రన్‌డౌన్ ఉండదు, డైరెక్టర్ గొంతే ఆధారం. ‘టేక్’ అనగానే వేలు బటన్ మీద పడాలి. రీప్లే నుంచి లైవ్‌కు రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే, బంతి బౌలర్ చేయి దాటిపోయినట్టే. ఆ టెన్షన్ అంటే నాకు ప్రాణం.