లింకు వెనుక చిరునామా చదవడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్

కేవైసీ వివరాలు వెంటనే ఇవ్వకపోతే ఖాతా నిలిచిపోతుందంటూ ఒక బ్యాంకు పేరుతో మా నాన్నగారికి మెయిల్ వచ్చినప్పుడు, అందులోని లింకును నొక్కకుండానే దాని అసలు చిరునామా చూడడానికి నేను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను వాడాను. డాన్ హో 2003లో విడుదల చేసిన ఈ ఉచిత విండోస్ టెక్స్ట్ ఎడిటర్ (పాఠాన్ని తెరిచి మార్చే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామర్లకు చిరపరిచితమే అయినా, ఈ ఒక్క పని కోసమైనా ఇంటి కంప్యూటర్‌లో ఉండదగినది.

జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూ నుంచి మెయిల్‌ను డౌన్‌లోడ్ చేసి ఇందులో తెరిస్తే, రంగులూ బటన్లూ తొలగి ముడి పాఠం మాత్రమే మిగులుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు చదవడం తరచు కష్టమే. మెయిల్ పాఠాన్ని సాదా గుర్తులుగా మార్చి పంపే క్వోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో పంక్తి 76 గుర్తులు దాటకూడదు కాబట్టి పొడవైన చిరునామా ముక్కలవుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పట్టే 'త' అక్షరం తొమ్మిది గుర్తుల వరుసగా మారిపోతుంది. ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి, ప్లగిన్ల మెనూలోని మైమ్ టూల్స్‌తో డీకోడ్ చేస్తే మామూలు పాఠం తిరిగి వస్తుంది. బేస్64 అనే మరో పద్ధతిలో మార్చిన మెయిళ్లకూ ఇదే మార్గం. ఆ తరువాత, లింకు చిరునామాకు ముందు వచ్చే 'హెచ్‌రెఫ్' (href) అన్న మాటను 'ఫైండ్ ఆల్ ఇన్ కరెంట్ డాక్యుమెంట్'తో వెతికితే లింకులున్న పంక్తులన్నీ కింది భాగంలో ఒకచోట కనిపిస్తాయి.

నాన్నగారి మెయిల్‌లోని చిరునామా బ్యాంకు పేరుతోనే మొదలైంది, కాని ఆ వెంటనే 'ఎట్' (@) గుర్తు ఉంది. బ్రౌజర్ ఆ గుర్తుకు ముందున్న భాగాన్ని యూజర్ పేరుగా మాత్రమే తీసుకుని, దాని తరువాత ఉన్న సైటుకు వెళ్తుంది. మన బ్యాంకులు 2025 అక్టోబరు 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటిని నమోదు చేసేది హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. అందువల్ల చిరునామా మొదట్లో 'https:' తరువాత వచ్చే జంట గీతలను వదిలేసి, ఆపై వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు సైటు పేరు ఎలా ముగుస్తుందో చూడడం నాకిప్పుడు అలవాటైంది.

ఈ ఎడిటర్‌లో నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది: చిరునామా మీద రెండుసార్లు నొక్కితే అది బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అనుమానాస్పదమైన మెయిల్‌ను పరిశీలించేవారికి ఇది ప్రమాదకరం కనుక, ప్రిఫరెన్సెస్‌లోని 'క్లౌడ్ అండ్ లింక్' విభాగంలో ఆ సౌకర్యాన్ని ముందే ఆపివేయాలి. కుదించిన లింకు చివరికి ఎక్కడికి చేరుస్తుందో మాత్రం ఏ ఎడిటరూ చూపలేదు. అటువంటిది ఎదురైతే నేను మెయిల్‌ను వదిలేసి, నాన్నగారి ఫోనులోని బ్యాంకు యాప్‌లోనే వివరాలు సరిచూస్తాను.