పాత టేకు ల్యాంప్‌కి చాక్ పెయింట్: చాలాకాలం వాడాక నా మాట

మా తాతగారి టేబుల్ ల్యాంప్‌కి చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు) వేసి, అంచులు అరగదీసి, పల్లెటూరి పాత సామాను లుక్ తెప్పించి చాలా కాలమైంది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో రోజూ రాత్రి వెలిగే ల్యాంప్ ఇది, కాబట్టి ఉప్పుగాలి, ఉక్కపోత, తడి చేతులు అన్నీ చూసింది. నా తీర్పు ముందే చెప్తాను: పెయింట్‌కి పూర్తి మార్కులు, దానికి రక్షణగా పైన రుద్దే మైనానికి మన వాతావరణంలో సగం మార్కులు కూడా ఇవ్వలేను.

చాక్ పెయింట్‌ని ఆ పేరుతో 1990లో తెచ్చింది బ్రిటన్‌కి చెందిన ఆనీ స్లోన్. నేను వాడింది మాత్రం ఇంట్లో కలుపుకున్నదే. మూడో వంతు కప్పు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని అంతే నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఒక కప్పు ఎమల్షన్‌లో (గోడలకి వేసే నీళ్ల పెయింట్) పోయాలి. కాసేపటికే గట్టిపడటం మొదలవుతుంది, అందుకే ఆ పూటకి సరిపడా కలుపుకుంటే చాలు.

దీని గొప్పతనం ఏంటంటే పాత వార్నిష్‌ని మొత్తం గీకక్కర్లేదు. 220 నంబర్ ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి వేసేయొచ్చు. కానీ టేకు మీద లేత రంగు వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, చెక్కలోని రంగు పసుపు మరకల్లా పైకి తేలుతుంది, ఎన్ని కోట్లు వేసినా ఆగదు. ముందుగా స్పిరిట్ పాలిష్ ఒక కోటు వేస్తే అందులోని లక్క ఆ మరకని లోపలే ఆపేస్తుంది. మా ల్యాంప్ మీద ఇప్పటికీ ఒక్క మరక లేదు.

అడుగున ముదురు గోధుమ రంగు, పైన మీగడ రంగు వేశాను. పై రంగు వేసే ముందు, అంచుల మీదా లేత్ మీద తిప్పిన గాడుల మీదా కొవ్వొత్తి రుద్దాను, దాంతో పై రంగు అక్కడ పట్టుకోదు, ఎమరీ పేపర్‌తో తేలిగ్గా లేచిపోయి కింది రంగు బయటపడుతుంది. ఎక్కడ పడితే అక్కడ గీకితే మాత్రం పాతగా కాదు, పాడైనట్టు కనిపిస్తుంది. అసలు వాడకంలో ఏ చోటు అరుగుతుందో చూసి అక్కడే అరగదీయాలి, అంటే పాదం అంచు, నడుము ఉబ్బు, స్విచ్ చుట్టూ.

ఇక మైనం. మొదట్లో చేతికి తగిలితే ఎంత హాయిగా ఉండేదో! మే నెల వచ్చేసరికి పాదం జిగటగా తయారై దుమ్మంతా పట్టేసింది, చల్లటి గ్లాసు పక్కన పెడితే తెల్లటి వలయం పడింది. చివరికి చేయి తగిలే భాగాల్లో టర్పెంటైన్ గుడ్డతో మైనం పూర్తిగా తీసేసి, నీళ్లతో పలచబరిచే మ్యాట్ వార్నిష్ పల్చగా రెండు కోట్లు వేశాను. అప్పట్నుంచి తడిగుడ్డతో తుడిచినా ఏమీ కాలేదు. నూనె వార్నిష్ జోలికి వెళ్లొద్దు, మీగడ రంగు మీద అది కాలక్రమేణా పసుపెక్కుతుంది. పైన కాండం మీద మైనం అలాగే ఉంది, అక్కడ ఎవరూ ముట్టుకోరు కాబట్టి బాగానే నిలిచింది.

షేడ్ మాత్రం పెయింట్ చేయలేదు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు చేసే మేక తోలు షేడ్ పెట్టాను. అరిగిన మీగడ రంగు కాండం మీద ఆ ఎరుపు, ఆకుపచ్చ బొమ్మలు వెలుగుతుంటే ఇంటికొచ్చినవాళ్లు ముందు అటే చూస్తారు, ఎన్నాళ్లయినా నాకూ తనివి తీరలేదు. తోలుకి వేడి పడదు కాబట్టి పాత 60 వాట్ల బల్బు తీసేసి 7 వాట్ల వార్మ్ వైట్ ఎల్‌ఈడీ వేశాను. వైరూ హోల్డరూ పెయింట్‌కి ముందే ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి, తర్వాత మార్పిస్తే మెడ దగ్గర రంగు ఊడుతుంది.

ఇత్తడి కుందులకీ ఏటికొప్పాక లక్క సామానుకీ మాత్రం దయచేసి ఈ పని చేయకండి, వాటి అందం వాటి మెరుపులోనే ఉంది. వార్నిష్ పోయి మూల పడున్న చెక్క ల్యాంప్ అయితే ధైర్యంగా మొదలుపెట్టండి. మిగిలిన ఎమల్షన్‌ని గట్టి మూత డబ్బాలో దాచుకోండి, ఎక్కడైనా పెచ్చు లేస్తే రెండు చెంచాలు తీసి, నీళ్లలో కలిపిన ప్లాస్టర్ పొడి కాస్త కలుపుకుని అద్దుకోవచ్చు.